ఒకే జన్యువులు, రెండు జాతకాలు

లూపస్, స్క్లెరోడెర్మా, కీళ్లవాతం, షోగ్రెన్, కండరాల వాపు జబ్బు. పేర్లు వేరైనా గొడవ ఒకటే. ఒంటికి కాపలా కాయాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదికే తిరగబడుతుంది. చర్మం, కీళ్లు, రక్తనాళాలు, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు... సంయోజక కణజాలం ఎక్కడుంటే అక్కడ రగడే. రుమటాలజీ ఓపీలో కూర్చునే జుట్టు నెరిసింది నాకు. ఈమధ్య "ఎపిజెనెటిక్స్" అన్న మాట వాట్సాప్ దాకా వచ్చింది. సగం తెలిసి భయపడేవాళ్లూ, సగం చెప్పి అమ్ముకునేవాళ్లూ ఎక్కువయ్యారు. అందుకని రోగుల దగ్గరా, పుస్తకాల దగ్గరా నాకు తెలిసొచ్చిన సంగతులు అంకెలేసి రాస్తున్నాను. అంకెలకు పెద్ద అర్థం లేదు, ఎవరికి పనికొచ్చేది వాళ్లు తీసుకోండి.

1. కోడలి పుట్టింటిని బోనెక్కించకండి.

"మా ఇంటావంటా లేదండీ ఈ రోగం. వాళ్ల వైపు నుంచే వచ్చుంటుంది." ఓపీలో అత్తగారు కుర్చీలో కూర్చుని ఈ మాట అంటుంటే, కోడలు వెనకాల నిలబడి కొంగుతో చెంపలు కప్పుకుంటూ ఉంటుంది. కొంగు తీయమంటే రెండు చెంపల మీదా, ముక్కు దూలం మీదా ఎర్రగా కందిన మచ్చ. ముక్కు పక్కన పెదవి వైపు దిగే మడతలో మాత్రం చర్మం మామూలుగా ఉంటుంది. చాలాసార్లు మా అనుమానం ఆ మడత దగ్గరే మొదలవుతుంది. అప్పటికే ఊళ్లో దాన్ని మంగు అనుకుని పసుపు రాసి, ఎవరో చెప్పారని మందుల షాపు క్రీము రాసి, అది కూడా అయ్యాకే మా దగ్గరికి వస్తారు.

వంశం పాత్ర లేదని నేను అనను. జన్యువుల వాటా ఉంది. కానీ ఎంత? దీనికి కవలలే తూకం. ఒకే పిండం రెండుగా చీలి పుట్టిన కవలల్లో జన్యువులు అక్షరం పొల్లు పోకుండా ఒకటే. అంతా జన్యువులదే అయితే ఒకరికి లూపస్ వస్తే రెండోవారికీ రావాలి. 1992లో అమెరికాలో అచ్చయిన ఒక లెక్కలో అలాంటి కవలల్లో ఇద్దరికీ లూపస్ వచ్చింది 24 శాతం జంటల్లోనే. వేర్వేరు పిండాల కవలల్లో అది 2 శాతం. కీళ్లవాతం మీద బ్రిటన్‌లో 1993లో వచ్చిన లెక్క చూస్తే అదే వరసలో 15 శాతం, దాదాపు 4 శాతం. స్క్లెరోడెర్మా ఇంకా విచిత్రం. 2003లో వచ్చిన అమెరికా అధ్యయనంలో రెండు రకాల కవలల్నీ కలిపి చూస్తే ఇద్దరికీ జబ్బు ఉన్న జంటలు నూటికి అయిదు కూడా లేవు. అయితే ఒకే పిండపు కవలల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే, ఆరోగ్యంగా ఉన్న రెండోవారి రక్తంలో కూడా సొంత కణాల కేంద్రకాల మీదికి తిరిగే ఏఎన్‌ఏ యాంటీబాడీ 90 శాతం మందికి కనపడింది. అంటే తిరగబడే స్వభావం ఇద్దరికీ ఉంది, జబ్బు మాత్రం ఒక్కరికే దిగింది.

ఈ లెక్కల్ని రెండు వైపుల నుంచీ చదవాలి. 24కీ 2కీ మధ్య ఉన్న తేడా జన్యువులది. 24 నుంచి 100 దాకా మిగిలిన ఖాళీ జన్యువులకు బయటి సంగతులది. ఆ ఖాళీని అత్తగారు వియ్యంకుల ఖాతాలో వేయడానికి వీల్లేదు.

2. జన్యువు ఉండటం వేరు, అది పనిచేయడం వేరు.

పాత మండువా ఇళ్లలో భోషాణం ఉండేది. అన్నదమ్ములిద్దరికీ ఒకేలాంటి భోషాణాలు, అందులో ఒకే సామాను పంచి ఇచ్చారనుకోండి. ఏ అరకు తాళం వేశారు, ఏ అర తీసి ఉంచారు అన్నదాన్ని బట్టి రెండిళ్ల వాడకం మారిపోతుంది. మన ప్రతి కణంలోనూ దాదాపు 20,000 జన్యువులున్నాయి. కంటి కణానికీ కాలేయ కణానికీ జన్యువులు అవే, తెరిచి ఉన్న అరలే వేరు.

జన్యువు మారకుండానే దాన్ని మూసే, తెరిచే ఈ తాళాల చదువే ఎపిజెనెటిక్స్. తాళాలు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది మిథైల్ ముద్ర. ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువులున్న చిన్న ముక్క డీఎన్‌ఏలో సైటోసిన్ అనే అక్షరానికి అతుక్కుంటుంది. జన్యువు మొదట్లో ఈ ముద్రలు గుంపుగా పడితే మామూలుగా ఆ జన్యువు నోరు మూస్తుంది. రెండోది, డీఎన్‌ఏ దారం చుట్టుకుని ఉండే హిస్టోన్ అనే ప్రోటీన్ల మీద పడే గుర్తులు. వాటిని బట్టి చుట్ట బిగుస్తుంది, లేదా వదులవుతుంది. మూడోది మైక్రో ఆర్‌ఎన్‌ఏలు. ఇరవై చిల్లర అక్షరాల ఈ పొట్టి తునకలు జన్యువు పంపిన కబురును దారిలోనే ఆపేస్తాయి.

మనకు ముఖ్యమైనది మొదటి రకం. కణం రెండుగా చీలిన ప్రతిసారీ డీఎన్‌ఏతోపాటు మిథైల్ ముద్రల్ని కూడా నకలు తీయాలి. ఆ నకలు తీసే ఎంజైమ్ పేరు డీఎన్‌ఎంటీ1. రోగనిరోధక వ్యవస్థలో టీ కణాలు శత్రువు కనపడగానే వేగంగా పెరుగుతాయి, అంటే అన్నిసార్లూ నకలు తీస్తాయి. ఆ ఎంజైమ్ నీరసిస్తే తీసిన ప్రతి నకల్లోనూ కొన్ని ముద్రలు రాలిపోతాయి, మూసి ఉండాల్సినవి తెరుచుకుంటాయి. లూపస్ కథలో పెద్ద భాగం ఇదే.

ఒకరికి జబ్బు ఉండి ఒకరికి లేని కవలల రక్తంలో ఈ ముద్రల్ని పోల్చిన స్పెయిన్ వాళ్ల పని 2010లో వచ్చింది. లూపస్, కీళ్లవాతం, చర్మ కండరాల వాపు జబ్బు మూడింటినీ చూశారు. స్పష్టమైన తేడా కనపడింది లూపస్‌లోనే. ఈ సంగతి చెప్పకుండా "అన్ని జబ్బులకూ ఎపిజెనెటిక్సే మూలం" అని ఉపన్యాసాలిచ్చేవాళ్లు నాకు నచ్చరు.

3. ఈ పాఠం మొదట నేర్పినవి మందులు.

ఇది నాకు బాగా ఇష్టమైన కథ, కొంచెం ఓపిగ్గా వినండి.

రక్తపోటుకు హైడ్రాలజిన్ అనే మందు వాడుకలోకి వచ్చిన కొత్తల్లో, అంటే 1950ల తొలి ఏళ్లలో, అది ఎక్కువ మోతాదులో వాడిన కొందరికి కీళ్లనొప్పులు, జ్వరం, ఛాతీలో నీరు... అచ్చం లూపస్‌లాగే వచ్చాయి. మందు ఆపితే వారాల్లోనో నెలల్లోనో సర్దుకునేవి. తర్వాత గుండె లయ తప్పినప్పుడు ఇచ్చే ప్రొకైనమైడ్ దగ్గర అదే తంతు, ఇంకా ఎక్కువగా. దీర్ఘకాలం వాడినవాళ్లలో సుమారు అయిదుగురిలో ఒకరికి. ఒకటి రక్తపోటు మందు, ఇంకొకటి గుండె మందు. లూపస్‌తో వీటికేం చుట్టరికం?

అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ రిచర్డ్‌సన్ అనే ఆయన 1980లలో దీని వెంట పడ్డారు. మిథైల్ ముద్రలు పడకుండా చేసే అజాసైటిడిన్ అనే రసాయనంలో మామూలు టీ కణాల్ని ఉంచితే, అవి సొంత శరీర కణాల మీదే దాడి మొదలుపెట్టాయి. 1988లో వచ్చిన పనిలో హైడ్రాలజిన్, ప్రొకైనమైడ్ రెండూ కూడా మిథైల్ ముద్రల్ని తగ్గిస్తాయని తేలింది. అంటే చుట్టరికం అక్కడుంది. 1990లో లూపస్ రోగుల టీ కణాల్లోనే ఆ ముద్రలు తక్కువగా ఉన్నట్టు ఆ బృందం చూపించింది. ప్రొకైనమైడ్ తగిలించిన టీ కణాల్ని అదే జాతి ఆరోగ్యకరమైన ఎలుకలకు ఎక్కిస్తే ఎలుకలకు లూపస్‌లాంటి జబ్బు వచ్చింది. రెండు మందులూ తాళాలు తీసే దారులు కూడా వేరు. ప్రొకైనమైడ్ నేరుగా డీఎన్‌ఎంటీ1కు అడ్డం పడుతుంది. హైడ్రాలజిన్ ఆ ఎంజైమ్‌ను తయారు చేయించే సంకేతాన్నే తెంపుతుంది. మామూలు లూపస్ రోగుల టీ కణాల్లో కూడా సంకేతం సరిగ్గా అక్కడే తెగి ఉంటుందని తర్వాత తెలిసింది. ఇంతకన్నా చక్కని సాక్ష్యం వైద్యంలో తరచుగా దొరకదు.

ప్రొకైనమైడ్ ఇప్పుడు మన దగ్గర పెద్దగా కనపడదు. కానీ మందు వల్ల వచ్చే లూపస్ మన దేశానికి దూరపు సంగతి కాదు. క్షయకు ఇచ్చే ఐసోనియాజిడ్ దాన్ని తేగల మందుల్లో ఒకటి. అది ఏ దారిన తెస్తుందన్నది వేరే కథ, రావడం కూడా అరుదు. ఆ భయంతో క్షయ మందు మాత్రం ఎవరూ సొంతంగా ఆపకండి, క్షయ ఆగదు. నేను అడిగేది ఒక్కటే. కొత్తగా కీళ్లు వాచిన మనిషి డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు గత ఏడాది మింగిన మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుపోవాలి. ఆర్‌ఎంపీ ఇచ్చిన పొట్లాలతో సహా. మా కుర్ర డాక్టర్లు యాంటీబాడీ పరీక్షలు రాసే ముందు ఆ సంచి విప్పాలి.

4. ఆడవాళ్లకే ఎందుకన్న ప్రశ్నకు హార్మోన్లు సగం జవాబే.

లూపస్ రోగులు పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లు. "ఆడ హార్మోన్లు" అని చెప్పి ఊరుకునే రోజులు పోయాయి. మగవాడై పుట్టి ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనంగా ఉన్నవాళ్లకు, అంటే క్లైన్‌ఫెల్టర్ ఉన్నవాళ్లకు, మిగతా మగవాళ్లకన్నా లూపస్ దాదాపు 14 రెట్లు ఎక్కువని 2008లో తేలింది. వాళ్లలో మగ హార్మోన్ తరచు తక్కువే అయినా, వాళ్ల హార్మోన్లు ఆడవాళ్లవి కావు. లెక్క కుదిరేది ఎక్స్‌తోనే.

స్త్రీ కణాల్లో రెండు ఎక్స్‌లలో ఒకదానికి పుట్టకముందే తాళం పడుతుంది. అది పూర్తిగా ఎపిజెనెటిక్ తాళం. లూపస్ ఉన్న స్త్రీల టీ కణాల్లో ఆ మూసిన ఎక్స్ మీద సీడీ40 లిగాండ్ అనే జన్యువు తెరుచుకుని, యాంటీబాడీలు తయారుచేసే కణాల్ని రెచ్చగొడుతుందని 2007లో చూపించారు. తాళం వేయడానికి స్త్రీ కణం ఎక్సిస్ట్ అనే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ తయారు చేసుకుంటుంది. దానికి పదుల కొద్దీ ప్రోటీన్లు అతుక్కుని ఉంటాయి. 2024లో స్టాన్‌ఫర్డ్‌లో హోవర్డ్ చాంగ్ బృందం మగ ఎలుకల చేత ఆ ఎక్సిస్ట్ తయారు చేయించి, లూపస్ పుట్టించే రసాయనం ఇచ్చారు. జబ్బుకు లొంగే జాతి మగ ఎలుకల్లో జబ్బు ఆడవాటి స్థాయికి పోయింది. తాళమే తగాదాకు కారణమైందన్నమాట.

పురుషులకు లూపస్ రాదని దీనికి అర్థం కాదు. మగవాడు కదా అని అనుమానించక ఆలస్యమైన కేసుల్లో మూత్రపిండాలు ముందే దెబ్బతిని ఉంటాయి.

5. మన ఎండతో పెట్టుకోకండి.

అతినీలలోహిత కిరణాలకు చర్మ కణాలు చస్తాయి. లోపలి డీఎన్‌ఏ, ప్రోటీన్లు బయట పడతాయి. లూపస్ మనిషికి అవే శత్రువుల్లా కనపడతాయి. అదే కిరణాలు లూపస్ టీ కణాల్లో మిథైల్ ముద్రల్ని ఇంకా తగ్గిస్తాయని ప్రయోగశాలలో చూశారు. కాబట్టి "ఎండ పడితే ఒళ్లంతా నొప్పులు డాక్టరుగారూ" అని నాట్లకు పోయిన మనిషి చెబితే అది వంక కాదు, రోగ లక్షణం.

సన్‌స్క్రీన్ రాసుకోమని చీటీ మీద రాసి ఊరుకోవడం తేలిక. కూలికి పోయే మనిషి నెలనెలా ఆ ట్యూబు కొనలేదు. పొడుగు చేతుల పాత చొక్కా, మొహం చుట్టూ తువ్వాలు, పది దాటాక నీడ పట్టున చేసే పని అడిగి తీసుకోవడం చెప్పాలి. మేస్త్రీకి చూపించడానికి ఒక కాగితం రాసిస్తే ఇంకా మంచిది, నేను రాసిచ్చేవాణ్ణి. ఎండకు దూరమయ్యాక విటమిన్ డి తగ్గుతుంది, దాన్ని మాత్రతో పూడ్చాలి.

6. పొగ, దుమ్ము.

స్వీడన్‌లో 2006లో వచ్చిన ఒక లెక్క కీళ్లవాతం గురించిన ఆలోచనే మార్చేసింది. పొగ తాగనివాళ్లూ, జన్యు ముప్పు లేనివాళ్లూ ఒక పక్క. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా ముప్పు జన్యువు అంది, పైగా పొగ తాగేవాళ్లు ఇంకో పక్క. రక్తంలో సీసీపీ అనే యాంటీబాడీ ఉన్న కీళ్లవాతం ఈ రెండోవాళ్లకు 21 రెట్లు ఎక్కువ. జన్యువు, పొగ విడివిడిగా చేసే చేటు కన్నా కలిసి చేసే చేటు ఎన్నో రెట్లు.

పొగ డీఎన్‌ఏ మీద ముద్రల్ని ఎంత స్పష్టంగా మారుస్తుందంటే, ఏహెచ్‌ఆర్‌ఆర్ అనే జన్యువులో ఒక్క చోటు చూసి మనిషి పొగ తాగుతాడో లేదో చెప్పొచ్చు. మానేస్తే ఏళ్ల మీద ఆ ముద్ర చాలావరకు వెనక్కి వస్తుంది. నాకు ఈ రంగంలో దొరికిన శుభవార్తల్లో ఇది ఒకటి.

ఉత్తర కోస్తాలో పెద్ద వయసు ఆడవాళ్లను "పొగ తాగుతారా" అని అడిగితే "ఛ ఛ" అంటారు. "అడ్డపొగ అలవాటుందా అమ్మా" అని అడగాలి. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని పీల్చేది పొగ కాదని వాళ్ల లెక్క. ఊపిరితిత్తులకు ఆ లెక్క తెలియదు.

ఇక రాతి దుమ్ము. ఎడిన్‌బరో డాక్టరు బ్రామ్‌వెల్ 1914లోనే రాళ్లు చెక్కేవాళ్లలో స్క్లెరోడెర్మా ఎక్కువని రాశారు. 1957లో ఎరాస్మస్ దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల్లో అదే చూశారు. కారణం సిలికా. క్వార్ట్జ్ ఉన్న ఏ రాయినైనా పొడిగా కోస్తే లేచే సన్నటి పొడి అది. కరీంనగర్ గ్రానైట్ క్వారీల్లోనూ, ఊరూరా ఉన్న రాయి కోసే షెడ్లలోనూ పనిచేసేవాళ్లకు ఇది పరాయి దేశం ముచ్చట కాదు. దుమ్ము పీల్చిన మగవాడి వేళ్లు చలికి తెల్లబడి, నీలమై, ఎర్రబడుతుంటే క్షయ పరీక్షతో ఆగకూడదు, స్క్లెరోడెర్మాను కూడా అనుమానించాలి. నీళ్లు చల్లుతూ కోస్తే దుమ్ము చాలావరకు లేవదు. ఆ నీళ్ల పైపు పెట్టించాల్సింది యజమాని. రోగి మాస్కు పెట్టుకోలేదని తిట్టడం మనకు అలవాటైపోయింది.

7. కణానికి జ్ఞాపకం ఉంటుంది.

స్క్లెరోడెర్మా మనిషి అన్నం కలుపుకోవడం దగ్గరగా చూస్తే జబ్బు అర్థమవుతుంది. వేళ్లు కొద్దిగా వంగి అక్కడే ఆగిపోతాయి. చర్మం మైనం పూసినట్టు నిగనిగలాడుతూ, చిటికెతో పట్టుకుందామంటే మడత పడదు. పప్పూ అన్నం కలిసినా ముద్ద కట్టదు, అరచేతి అంచుతో పళ్లెంలో నొక్కి నొక్కి నోటికి తీసుకుంటారు. నోరు కూడా ముందున్నంత తెరుచుకోదు. మణికట్టు గాజులు ఇక తీయరాక కోసి తీస్తారు.

ఆ బిగుతంతా కొల్లాజన్. చర్మంలోని ఫైబ్రోబ్లాస్ట్ కణాలు దాన్ని ఆపకుండా తయారు చేస్తుంటాయి. ఆ కణాల్ని ఒంట్లోంచి తీసి సీసాలో పెంచినా, రోగి రక్తం, మంట, యాంటీబాడీలు ఏవీ లేకపోయినా, తరాల తరబడి కొల్లాజన్ ఎక్కువే చేస్తాయి. కారణాల్లో ఒకటి, కొల్లాజన్‌కు కళ్లెం వేసే ఎఫ్‌ఎల్‌ఐ1 అనే జన్యువు మీద మిథైల్ తాళం పడి ఉండటమని 2006లో చూపించారు.

కీళ్లవాతంలోనూ ఇదే నడత. స్టెఫెన్ గే అనే పరిశోధకుడి బృందం 1996లో చేసిన పని నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరింపజేస్తుంది. కీళ్లవాతం రోగి కీలులోని ఫైబ్రోబ్లాస్టుల్ని రోగనిరోధక శక్తి లేని ఎలుకలో మనిషి మృదులాస్థి ముక్క పక్కన పెడితే, ఎవరి ఉసిగొల్పూ లేకుండా అవే మృదులాస్థిని తినేశాయి. 2009లో ఇంకో అడుగు. ఎలుకకు ఒక పక్కన పెట్టిన కణాలు రక్తంలో ప్రయాణించి, రెండో పక్కన పెట్టిన మృదులాస్థి దాకా పోయి దాన్నీ కొరికాయి. ఒక మోకాలితో మొదలైన జబ్బు రెండో మోకాలికి ఎలా పాకుతుందో కొంత అంతుబట్టింది. ఈ కణాల్లో మిథైల్ ముద్రలు మొత్తం మీద తగ్గి ఉన్నాయని గే బృందం రాసింది.

అందుకే పొద్దున లేవగానే కీళ్లు గంటసేపు బిగుసుకుపోతున్నాయని చెప్పిన మనిషికి చికిత్స మొదటి నెలల్లోనే గట్టిగా మొదలుపెట్టాలంటాను. నొప్పి మాత్రలతో రెండేళ్లు గడిపి వస్తే, ఆసరికి కణాలు ఆ పనికి అలవాటు పడి ఉంటాయి.

8. "తగ్గింది కదా" అని మాత్ర ఆపకండి.

లూపస్ రోగుల టీ కణాల్లో ఇంటర్‌ఫెరాన్ (వైరస్ చొరబడితే మోగే అలారం) జన్యువుల తాళాలు తీసి ఉంటాయి. 2013లో అమర్ సవాల్హా బృందం చూపించిన విశేషమేమంటే, ఇంకా యుద్ధం చూడని కొత్త టీ కణాల్లో కూడా అవి తీసే ఉన్నాయి. జబ్బు ఎగిసినా అణిగినా ఆ తీరు మారలేదు. మొహం మీద మచ్చ పోయింది, ఈఎస్‌ఆర్ దిగింది, లోపల తలుపు మాత్రం తెరిచే ఉంది.

హెచ్‌సీక్యూ (హైడ్రాక్సీక్లోరోక్విన్) మాత్ర విలువ ఇక్కడే తెలుస్తుంది. కెనడాలో 1991లో చేసిన పరీక్షలో, నిలకడగా ఉన్న లూపస్ రోగుల్లో కొందరికి ఆ మాత్ర బదులు ఉత్తి మాత్ర ఇచ్చారు. ఆరు నెలల్లో వాళ్లకు జబ్బు తిరగబెట్టే ముప్పు రెండున్నర రెట్లయింది. మోతాదు బరువును బట్టి కిలోకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. మొదట్లో ఒకసారి, అయిదేళ్లు దాటాక ఏటా కంటి పరీక్ష చేయించుకోవాలి. కళ్లు పోతాయని పక్కింటావిడ చెబితే మాత్ర ఆపడం మానేసి, కళ్లు చూపించుకోండి. 2020లో కోవిడ్‌కు పనిచేస్తుందని జనం ఎగబడి కొన్నప్పుడు మా రోగులు పది షాపులు తిరిగినా ఈ మాత్ర దొరకలేదు. కోవిడ్‌కు అది పనిచేయలేదని తేలింది. ఆ నెలల్లో లూపస్ వాళ్లకు జరిగిన నష్టం గురించి పెద్దగా ఎవరూ మాట్లాడలేదు.

9. ఎపిజెనెటిక్ ప్యాకేజీలు కొనకండి.

"మీ మిథైలేషన్ సరిచేస్తాం" అని పొడులు, డ్రాపులు, రక్త పరీక్షలు అమ్ముతున్నారు. లూపస్ టీ కణాల్లో తాళాలు ఊడిపోయాయి. స్క్లెరోడెర్మా ఫైబ్రోబ్లాస్టుల్లో పడకూడని చోట తాళం పడింది. అజాసైటిడిన్ టీ కణాల్ని లూపస్ దారి పట్టిస్తుంది, అదే కుటుంబపు మందు ప్రయోగశాలలో స్క్లెరోడెర్మా కణాల కొల్లాజన్‌ను తగ్గిస్తుంది. ఒక కణంలో తాళం వేయాలి, ఇంకో కణంలో తీయాలి. ఒక చెంచా పొడి ఎక్కడ వేయాలో, ఎక్కడ తీయాలో ఎలా తెలుసుకుంటుంది? అజాసైటిడిన్‌కు అమెరికాలో 2004లో అనుమతి వచ్చింది, అది ఎముక మూలుగ జబ్బుకు. ఈ జబ్బులకు మిథైల్ ముద్రల్ని గురిపెట్టి సరిచేసే మందు ఇవాళ్టికి ఏదీ లేదు. ఐఎఫ్‌ఐ44ఎల్ అనే జన్యువు ముద్రలు చూసి లూపస్ గుర్తించే పరీక్ష మీద చైనాలో మంచి పని జరిగింది. మన ల్యాబుల్లో నమ్మి వాడే దశకు ఇంకా రాలేదు. ఆ డబ్బుతో మూత్రంలో ప్రోటీన్ పరీక్ష క్రమం తప్పకుండా చేయించుకోండి.

10. పిల్లలకు వస్తుందా?

పెళ్లి చూపుల ముందు, పెళ్లయ్యాక, కడుపుతో ఉన్నప్పుడు, మూడుసార్లూ అడిగే ప్రశ్న. లూపస్ తల్లులకు పుట్టిన పిల్లల్లో అత్యధికులకు లూపస్ రాదు. పిండం ఏర్పడే తొలి రోజుల్లో తల్లిదండ్రుల నుంచి వచ్చిన మిథైల్ ముద్రలు చాలావరకు చెరిగిపోయి కొత్తగా పడతాయి. "నా ఒంటి రాత బిడ్డకు అంటుకుంటుంది" అన్న దిగులు పెట్టుకోనక్కర్లేదు.

చూసుకోవాల్సింది వేరే ఉంది. తల్లికి రో అనే యాంటీబాడీ ఉంటే నూటికి ఇద్దరు బిడ్డల్లో గుండె విద్యుత్తు దారి మూసుకుపోవచ్చు. ఒక బిడ్డకు అలా అయిన తల్లికి మళ్లీ కాన్పులో ఆ ముప్పు సుమారు 18 శాతం. హెచ్‌సీక్యూ వాడితే 7 ప్రాంతానికి దిగిందని 2020లో తేలింది. కడుపు అని తెలియగానే మాత్రలన్నీ ఆపేయడం మన ఇళ్లలో ఆనవాయితీ. హెచ్‌సీక్యూ ఆపకూడదు. మెథోట్రెక్సేట్, మైకోఫెనొలేట్ మాత్రం బిడ్డ కోసం ప్రయత్నించే ముందే ఆపాలి. జబ్బు ఆరు నెలలైనా అణిగి ఉన్నాకే గర్భం మంచిది. ఈ మాట భర్తకు కూడా ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి.

11. భీమవరం మనిషి మందు.

కీళ్లవాతానికి ఇవాళ ప్రపంచమంతా మొదట రాసే మందు మెథోట్రెక్సేట్. ఫోలిక్ ఆమ్లానికి ఎదురు నిలిచే ఈ కుటుంబపు మందులు 1940లలో అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చాయి. అక్కడ పరిశోధనకు నాయకత్వం వహించింది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన 1948లో పోయారు. 1951లో ఆ కుటుంబంలోని అమైనోప్టెరిన్‌ను కీళ్లవాతానికి వాడి చూశారు. ఆయన అది చూడలేదు.

మిథైల్ ముద్రలకు ముడి సరుకు వచ్చే దారుల్లో ఫోలేట్ ఒకటి. మెథోట్రెక్సేట్ ఆ దారిలోనే పనిచేస్తుంది. కీళ్లవాతంలో రోగనిరోధక వ్యవస్థకు కళ్లెం వేసే టీ కణాల్లో ఫాక్స్‌పీ3 అనే జన్యువు మీద పడిన తాళాన్ని ఈ మందు తీస్తుందని, ఆ కణాలు తిరిగి పనిలోకి వస్తాయని 2015లో బ్రిటన్ పరిశోధకులు చూపించారు. మనం ఏళ్ల తరబడి రాస్తున్న చవక మందు మనకు తెలియకుండానే ఎపిజెనెటిక్ పని చేస్తోంది. ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఈ సంగతి చెప్పరు, ఇందులో లాభం లేదు కదా.

ఒక్క జాగ్రత్త. ఈ మాత్ర వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుని నోరు పుండై, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. చీటీ మీద "వారానికి ఒకసారి" అని మాత్రమే ఉంటే చాలదు. ఏ వారమో, ఆదివారమో బుధవారమో, తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించుకోండి. ఫోలిక్ యాసిడ్ మాత్ర వేరే రోజున. రెండు మాత్రలూ పసుపు రంగులో ఉంటే అట్టల మీద పెన్నుతో పేర్లు రాసి వేరు వేరు డబ్బాల్లో పెట్టండి. అమ్మమ్మ మాత్రలు ఎవరు తీసిస్తారో ఆ మనిషికి కూడా చెప్పండి.